మసక వెలుతురులో గుట్ట దిగే సైకిల్‌ను ఫొటో తీయడం: ఏ నిమిషానికి ఏ పద్ధతి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు గుట్టలు పగటిపూట సైకిల్ తొక్కడానికి అనువైనవి కావు. ఎండాకాలంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, నీడనిచ్చే చెట్లు తక్కువ, బోడి రాయి పొద్దున పదింటికే కాలడం మొదలుపెడుతుంది. అందువల్ల గుట్ట పైనుంచి మౌంటెన్ బైక్‌ను వేగంగా దింపాలనుకునే వారు తెల్లవారుతుండగానో, పొద్దు వాలిన తరువాతో బాట పడతారు. సైకిల్ వేగంగా కదులుతున్నప్పుడు షట్టర్ తక్కువసేపు తెరుచుకోవాలి, వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు ఎక్కువసేపు తెరుచుకోవాలి. ఈ రెండూ ఒకే సమయంలో ఎదురయ్యేసరికి ఫొటో తీసేవారు ఖరీదైన లెన్స్ కొంటే తప్ప పని జరగదనే నిర్ణయానికి వస్తారు. ఆ నిర్ణయం తొందరపాటని నా అభిప్రాయం. మన ప్రాంతంలో ఎంపిక ముందుగా జరగవలసింది పరికరం విషయంలో కాదు, పొద్దు గూకి ఎన్ని నిమిషాలైంది, రైడర్ వెనుక ఏమి ఉంది అన్న విషయంలో.

దీనికి కారణం భౌగోళికమైనది. డౌన్‌హిల్ సైక్లింగ్ ఫొటోల గురించి వచ్చే సలహాల్లో అధిక భాగం యూరప్, ఉత్తర అమెరికా అడవులను దృష్టిలో పెట్టుకొని ఇచ్చినవే. అక్కడ దట్టమైన చెట్ల కింద పట్టపగలే మసకగా ఉంటుంది, ఆ మసక గంటల తరబడి అలాగే నిలుస్తుంది. 2002 మొదలుకొని చాలా ఏళ్లు డౌన్‌హిల్ ప్రపంచ కప్ పోటీలకు వేదికైన స్కాట్లాండ్‌లోని ఫోర్ట్ విలియమ్ వంటి చోట వేసవిలో సూర్యుడు అస్తమించిన తరువాత కూడా వెలుగు ముప్పావు గంటకు పైగా ఉంటుంది. మనం 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాము. ఇక్కడ సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు, సందె వెలుగు ఇరవై రెండు ఇరవై మూడు నిమిషాల్లో ముగుస్తుంది. ఆ వ్యవధిలో నేల మీది వెలుతురు నూరో వంతుకు పడిపోతుంది. వెలుతురు సగానికి తగ్గితే ఒక స్టాప్ తగ్గినట్టు లెక్క కాబట్టి, సుమారుగా ప్రతి మూడు నాలుగు నిమిషాలకు ఒక స్టాప్ చేజారిపోతుందన్నమాట. నల్లగొండలో కంటే మహబూబ్‌నగర్‌లో సూర్యాస్తమయం దాదాపు అయిదు నిమిషాలు ఆలస్యంగా అవుతుంది. నల్లగొండలో అనుభవం గడించిన వ్యక్తి మహబూబ్‌నగర్‌లో అదే గడియారాన్ని నమ్ముకుంటే ఒక స్టాప్‌కు పైగా తేడా వస్తుంది. కనుక గడియారాన్ని కాక, ఆ రోజు ఆ ఊరి సూర్యాస్తమయ సమయాన్ని చూసుకొని అక్కడి నుంచి నిమిషాలు లెక్కపెట్టడం మంచిది.

వేగం లెక్క

గంటకు 36 కిలోమీటర్ల వేగంతో దిగే సైకిల్ సెకనుకు 10 మీటర్లు కదులుతుంది. షట్టర్ 1/1000 సెకను తెరుచుకుంటే ఆ వ్యవధిలో అది ఒక సెంటీమీటరు జరుగుతుంది. 1/250 అయితే నాలుగు సెంటీమీటర్లు, 1/50 అయితే ఇరవై సెంటీమీటర్లు. మన కెమెరాకు అడ్డంగా, ఎడమ నుంచి కుడికి పోయే సైకిల్‌కే ఈ లెక్క పూర్తిగా వర్తిస్తుంది. నేరుగా మన వైపు వచ్చే సైకిల్ చిత్రంలో అంతగా చెదరదు, కాబట్టి ఎదురుగా నిలబడితే 1/400తో సరిపెట్టుకోవచ్చు.

చాలామంది పట్టించుకోని మరొక అంశం ఉంది. చెదరడం ఎంతగా కనిపిస్తుందన్నది లెన్స్ పొడవును బట్టి కాక, చిత్రంలో రైడర్ ఎంత పెద్దగా కనిపిస్తున్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది. రైడర్ ఫొటో చట్రం నిండా ఉంటే ఒక సెంటీమీటరు కదలిక కూడా కంటికి తగులుతుంది. అదే రైడర్‌ను చట్రంలో మూడో వంతుకు కుదించి, చుట్టూ గుట్టనూ ఆకాశాన్నీ చూపిస్తే మూడు సెంటీమీటర్ల కదలిక కూడా చెదిరినట్టు అనిపించదు. అంటే 1/1000 కావలసిన చోట 1/320 చాలుతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా దాదాపు ఒకటిన్నర స్టాప్ చేతికి వస్తుంది. రాచకొండ చుట్టుపక్కల గుట్టల్లో గాని, కోయిల్‌కొండ వైపు గాని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే పెద్ద బండరాళ్లను చూసిన వారెవరూ అక్కడ రైడర్ ఒక్కడినే దగ్గరగా తీసి ఆ రాళ్లను వదిలేయాలని అనుకోరు.

కదలికను ఆపివేసే పద్ధతి

అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని పూర్తిగా తెరిచి, ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి పెంచి, 1/1000 సెకనుతో రైడర్‌ను రాయిలా నిలబెట్టడం అందరికీ మొదట తోచే పద్ధతి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అపర్చర్ అంత పెద్దగా తెరుచుకుంటుంది. సూర్యుడు అప్పుడే దిగిపోయి, ఆకాశం విశాలంగా కనిపించే బాట మీద ఎఫ్/2.8 వద్ద 1/1000 సెకనుకు సుమారుగా ఐఎస్‌ఓ 3200 అవసరమవుతుంది. ఎఫ్/1.8 లెన్స్ ఉంటే 1250 చాలు. కెమెరాతో పాటు వచ్చే మామూలు జూమ్ లెన్స్ చివరి కొసన ఎఫ్/5.6 మాత్రమే తెరుచుకుంటుంది కాబట్టి దానికి 12800 కావాలి. మరో ఏడు నిమిషాలు గడిచేసరికి ఈ అంకెలన్నీ నాలుగు రెట్లవుతాయి: ఎఫ్/2.8కు 12800, ఎఫ్/1.8కు 5000, ఎఫ్/5.6కు వాడదగిన అంకె మిగలదు. కాబట్టి ఈ పద్ధతి సూర్యాస్తమయానికి ముందు అరగంట, తరువాత అయిదారు నిమిషాలు మాత్రమే పనికివస్తుందని నిర్ణయించుకోవాలి.

ఈ వ్యవధిలో ఎఫ్/1.8, 85 మిల్లీమీటర్ల లెన్స్‌కూ ఎఫ్/2.8, 70-200 జూమ్‌కూ మధ్య ఎంపిక వస్తుంది. వెలుతురు దృష్ట్యా 85దే పైచేయి, ధర దృష్ట్యా కూడా అదే. అయితే పెద్ద సెన్సార్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద ఎనిమిది మీటర్ల దూరంలో ఉన్న రైడర్‌ను ఎఫ్/1.8తో తీసినప్పుడు స్పష్టంగా ఉండే లోతు ఒక మీటరుకు కాస్త తక్కువ. మన వైపు వచ్చే సైకిల్ ఆ మీటరును సెకనులో పదో వంతు కాలంలో దాటేస్తుంది. ఫోకస్‌ను ముందుగా ఒక రాయి మీద నిలిపి ఉంచి, సెకనుకు పది ఫొటోలు తీసే కెమెరాతో వరుసగా తీసినా ఆ మీటరులో పడేది ఒక్క ఫొటో మాత్రమే. పాత డీఎస్ఎల్ఆర్ ఉన్నవారు ఎఫ్/1.8ను పూర్తిగా తెరిచి ఎదురుగా వచ్చే సైకిల్‌ను తీయడం కంటే, బాటకు పక్కగా నిలబడి, సైకిల్ ఫోకస్ తలానికి సమాంతరంగా పోయేటట్టు చూసుకోవడం ఎంతో నయం. 70-200కు వచ్చే లాభం వెలుతురులో కాదు, నిలబడే చోటులో: గుట్ట మీద మనం కోరుకున్న దగ్గరి స్థానం చాలాసార్లు బండల మధ్య దొరకదు, ఎదురు గుట్ట మీద నుంచే తీయవలసి వస్తుంది.

కెమెరా విషయంలో కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు మసకలో ఫోకస్ పట్టడంలో స్పష్టంగా ముందున్నాయి. 2014లో వచ్చిన నికాన్ డీ750 మైనస్ 3 ఈవీ (వెలుతురు కొలత; అంకె తగ్గేకొద్దీ చీకటి) వరకు ఫోకస్ పట్టగలదని ఆ సంస్థ ప్రకటించింది. 2020లో వచ్చిన కెనాన్ ఆర్6 ఎఫ్/1.2 లెన్స్‌తో మైనస్ 6.5 వరకు వెళ్తుంది. నికాన్ జడ్9 వంటివి సైకిళ్లను కూడా గుర్తుపడతాయి. కాని డౌన్‌హిల్ రైడర్లు ముఖమంతా కప్పే హెల్మెట్, కళ్లకు గాగుల్స్ పెట్టుకుంటారు కాబట్టి కంటిని వెతికి పట్టే సౌకర్యాన్ని నమ్ముకోకూడదు. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్‌కూ దానికంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సార్‌కూ మధ్య నాయిస్‌లో, అంటే ఫొటోలో కనిపించే మచ్చల్లో తేడా ఒక స్టాప్‌కు కొంచెం పైన ఉంటుంది. మన లెక్కలో అది నాలుగు నిమిషాల వెలుతురుతో సమానం. ఆ నాలుగు నిమిషాల కోసం కెమెరా మొత్తాన్ని మార్చడం అవసరమా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవాలి. నేనైతే అవసరం లేదంటాను.

ఐఎస్‌ఓ ఎక్కువవుతుందన్న భయంతో చీకటిగా తీసి, తరువాత కంప్యూటర్లో వెలుగు పెంచడం చాలామందికి అలవాటు. దానివల్ల నీడల్లో మచ్చలు మరింత పెరుగుతాయి. కెమెరా నమోదు చేసిన సమాచారమంతా ఉండే రా ఫైల్‌లో, అవసరమైన ఐఎస్‌ఓ ఎంతైతే అంత పెట్టి తీయడమే సరైనది. ఫొటోలను సవరించే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో 2023లో వచ్చిన ఏఐ డీనాయిస్ వంటి సౌకర్యాలు ఐఎస్‌ఓ 6400 నాటి మచ్చలను బాగా శుభ్రం చేస్తాయి, చెదిరిన ముఖాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయదు.

కెమెరాను రైడర్‌తో పాటు తిప్పే ప్యానింగ్

ఉన్న పరికరం మామూలు కెమెరా, దానితో వచ్చిన లెన్స్ మాత్రమే అయితే ప్యానింగ్‌ను మించిన ఎంపిక లేదు. 1/60 సెకనుతో, ఎఫ్/5.6 వద్ద, సూర్యాస్తమయ సమయంలో ఐఎస్‌ఓ 800 చాలు; ఏడు నిమిషాల తరువాత కూడా 3200 దాటదు. రైడర్ కొంత స్పష్టంగా, వెనుక రాళ్లూ తుప్పలూ గీతలుగా మారి, నిలిచిపోయిన ఫొటోలో ఎన్నడూ రాని వేగం కనిపిస్తుంది.

కాని రోడ్డు మీద పోయే సైకిల్‌కు చేసే ప్యానింగ్ వేరు, గుట్ట దిగే సైకిల్‌కు చేసేది వేరు. రాళ్ల మీద దిగేటప్పుడు సైకిల్ పక్కకే కాదు, పైకీ కిందికీ కూడా ఊగుతుంది. డౌన్‌హిల్ సైకిళ్ల ముందు ఫోర్క్ సుమారు 200 మిల్లీమీటర్ల వరకు లోపలికి దిగుతుంది, రైడర్ మోకాళ్లతో, మోచేతులతో మిగతా అదురును మింగేస్తాడు. ఫలితంగా చక్రాలు అదురుతున్నా తల మాత్రం దాదాపు ఒకే గీత మీద ప్రయాణిస్తుంది. కాబట్టి ఫోకస్ బిందువును సైకిల్ మీద గాక హెల్మెట్ మీద ఉంచి దాన్నే అనుసరించాలి. హెల్మెట్ స్పష్టంగా ఉంటే చక్రాలు చెదిరినా చూసేవారికి అది లోపంగా అనిపించదు. బాటలో రాళ్లు తక్కువగా ఉండి, గుట్ట వాలుకు అడ్డంగా పోయే భాగాన్నో, మట్టి కట్టి ఒంపుగా తీర్చిన మలుపునో ఎంచుకోవాలి. లెన్స్‌లో చేతి వణుకును సరిదిద్దే స్థిరీకరణ ఉంటే దాన్ని ప్యానింగ్ కోసం ఉద్దేశించిన అమరికకు మార్చాలి. కెనాన్ లెన్సుల్లో ఇది మోడ్ 2. పాదాలను కదల్చకుండా, నడుము దగ్గర నుంచి తిరగాలి. ఫొటో తీశాక కూడా కెమెరాను అదే వేగంతో కొంతదూరం తిప్పుతూనే ఉండాలి. షట్టర్ నొక్కగానే చేయి ఆగిపోవడమే చాలా ఫొటోలు పాడవడానికి కారణం.

ఈ పద్ధతిలో పది ఫొటోల్లో ఒకటి రెండు నిలిస్తే మంచి ఫలితంగానే భావించాలి. రైడర్ మళ్లీ మళ్లీ పైకెక్కి దిగడానికి సిద్ధంగా ఉన్నప్పుడే దీన్ని ఎంచుకోవడం సముచితం. గుట్ట మీదికి సైకిల్‌ను మోసుకెళ్లే శ్రమ మనది కాదు, అతనిది.

ఆకాశాన్ని వెనుక పెట్టుకోవడం

మన ప్రాంతానికి అన్నిటికంటే తగిన పద్ధతి ఇదే అయినా, ఎందుకో ఎక్కువమంది దీన్ని చివరికి వదిలేస్తారు. సూర్యుడు దిగిపోయిన పది నిమిషాలకు నేల బాగా చీకటిపడుతుంది కాని, పడమటి ఆకాశం దానికంటే సుమారు మూడు స్టాపులు వెలుగుగా ఉంటుంది. అదే నిమిషంలో రైడర్ ముఖం కనిపించేటట్టు తీయాలంటే ఎఫ్/2.8, 1/1000 వద్ద ఐఎస్‌ఓ 25600 కావాలి. ఆకాశానికి వెలుగు సరిపెట్టి రైడర్‌ను నల్లని ఆకారంగా వదిలితే 3200తో పని పూర్తవుతుంది. రైడర్‌ను చిన్నగా ఉంచి 1/500కు దిగితే ఎఫ్/5.6 లెన్స్‌తో కూడా 6400 దగ్గర సాధ్యమే. అడవి బాటల్లో ఈ అవకాశం ఉండదు, ఎందుకంటే అక్కడ రైడర్ వెనుక ఉండేది చెట్లే. మన గుట్టల నెత్తి మీద చెట్టు ఉండదు, దిగంతం దాకా అడ్డు ఉండదు. బోడిగుట్ట మనకు ఇచ్చిన ఈ మేలును వాడుకోకపోవడం నష్టమే.

దీనికి కావలసినది పరికరం కాదు, స్థలాన్ని ముందుగా వెతికిపెట్టుకోవడం. రైడర్ ఎగిరే అంచు గాని, గుట్ట వెన్ను మీది బాట గాని పడమటి ఆకాశానికి ఎదురుగా ఉండాలి. మనం దానికి తూర్పున, వీలైనంత కిందికి కూర్చోవాలి, అప్పుడే రెండు చక్రాల కిందా ఆకాశం కనిపిస్తుంది. ఆకారమంతా నలుపే కాబట్టి మోచేయి ఛాతీకి అంటుకుంటే, కాలు సైకిల్ చట్రంలో కలిసిపోతే బొమ్మ ఏమిటో తెలియదు. పక్క నుంచి తీసినప్పుడే శరీరమూ సైకిలూ విడివిడిగా కనిపిస్తాయి. ఆటో ఎక్స్‌పోజర్‌ను వదిలి మాన్యువల్‌లో ఆకాశాన్ని కొలిచి పెట్టుకోవాలి, లేకపోతే కెమెరా నలుపును చూసి ఆకాశాన్ని తెల్లగా చేసేస్తుంది. ఫోకస్‌ను ఎగిరే అంచు మీద ముందే నిలిపి, ఆటో ఫోకస్‌ను ఆపివేయాలి.

లోపం కూడా చెప్పాలి. రైడర్ తన ఫొటో కోరుకుంటే, అంటే జెర్సీ రంగు, సైకిల్ కంపెనీ పేరు, ముఖంలోని పట్టుదల కనిపించాలనుకుంటే, ఈ ఫొటో అతనికి తృప్తినివ్వదు. ఆ పరిస్థితిలో ఫ్లాష్ తప్పదు.

ఫ్లాష్

పెళ్లిళ్లకు ఫొటోలు తీసే వారికి నేను ఈ భాగాన్ని ప్రత్యేకంగా సూచిస్తాను, ఎందుకంటే నల్లగొండలో గాని, పాలమూరులో గాని, మిర్యాలగూడ, నాగర్‌కర్నూల్ వంటి పట్టణాల్లో గాని స్టూడియో నడిపేవారి సంచిలో ఇందుకు కావలసినవన్నీ సాధారణంగా ఉంటాయి: ఒకటి రెండు చిన్న ఫ్లాష్‌లు, వాటిని దూరం నుంచి వెలిగించే రేడియో ట్రిగ్గర్, స్టాండు. వారు చేయవలసినది ఫ్లాష్‌ను కెమెరా నెత్తి మీద నుంచి దించడమే.

ఫ్లాష్ బలం పవర్‌లో కంటే దాని క్షణికతలో ఉంది. గోడాక్స్ టీటీ600 వంటి చిన్న ఫ్లాష్ పూర్తి పవర్‌లో వెలిగినప్పుడు వెలుగు కొంత ఎక్కువసేపు నిలుస్తుంది. పవర్ తగ్గించిన కొద్దీ ఆ వ్యవధి కుంచించుకుపోయి, 1/32 పవర్ వద్ద 1/10000 సెకను దరిదాపుల్లోకి వస్తుంది. ఆ వ్యవధిలో మన సైకిల్ కదిలేది ఒక మిల్లీమీటరు. షట్టర్ 1/200 వద్దే ఉన్నా, రైడర్ మీద పడే వెలుగు ప్రధానంగా ఫ్లాష్‌దే అయినంతవరకు అతను స్పష్టంగా నిలబడతాడు. ఐఎస్‌ఓ 800, ఎఫ్/4, ఫ్లాష్‌కూ రైడర్‌కూ మధ్య నాలుగు మీటర్ల దూరం: ఈ అమరికకు 1/32 పవర్ దాదాపు సరిపోతుంది. పొద్దు గూకిన ఏడెనిమిది నిమిషాలకు ఇదే అమరికలో ఆకాశం రంగులతో సహా నిలుస్తుంది, నేల రెండున్నర మూడు స్టాపులు చీకటిగా వెనక్కి తగ్గుతుంది, రైడర్ ఒక్కడే వెలుగులో ముందుకు వస్తాడు.

సూర్యుడు అప్పుడే దిగుతున్నప్పుడు ఇదే అమరికతో తీస్తే మాత్రం రైడర్ చుట్టూ అయిదు సెంటీమీటర్ల మేర నీడలాంటి రెండో అంచు కనిపిస్తుంది, ఎందుకంటే ఆ సమయంలో సహజ వెలుతురు కూడా ఫ్లాష్‌తో సమానంగా ఉండి, 1/200 సెకను పొడవునా అతన్ని నమోదు చేస్తుంది. షట్టర్ ఎంత వేగంగా ఉన్నా ఫ్లాష్ పనిచేసే హై స్పీడ్ సింక్‌తో 1/1000కు వెళ్లి దీన్ని తప్పించవచ్చు, కాని అందులో ఫ్లాష్ వెలుగు కనీసం రెండు స్టాపులు తరిగిపోతుంది, వెలుగు క్షణికంగా కాక షట్టర్ పొడవునా సాగుతుంది కాబట్టి ఫ్లాష్‌కున్న అసలు లాభం పోతుంది. ఆ అయిదారు నిమిషాలు ఫ్లాష్‌ను పక్కనబెట్టి ముందు చెప్పిన పద్ధతుల్లో ఒకటి వాడి, తరువాత ఫ్లాష్‌కు మారడమే మేలు. మారేటప్పుడు కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్‌ను ఆపి మెకానికల్ షట్టర్‌కు రావాలి. చాలా కెమెరాల్లో ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఫ్లాష్ వెలగదు, ఫ్లాష్ లేకపోయినా అది చక్రాలను కోడిగుడ్డు ఆకారంలోకి వంచేస్తుంది.

ఫ్లాష్‌ను ఎక్కడ పెట్టాలన్నది పవర్ కంటే పెద్ద నిర్ణయం. మన బాటల్లో చెల్క నేలల ఎర్రమట్టి, దుమ్ము ఎక్కువ. కెమెరా పక్కనే ఫ్లాష్ ఉంటే ముందున్న ప్రతి దుమ్ము కణమూ తెల్లని చుక్కగా మెరుస్తుంది. అదే ఫ్లాష్‌ను రైడర్‌కు వెనుకగా, ఒక బండ చాటున పెడితే లేచిన దుమ్మంతా నారింజ రంగు తెరలా వెలిగి, రైడర్ భుజాల మీద, హెల్మెట్ అంచు మీద గీతలాంటి వెలుగు పడుతుంది. ఒకే ఫ్లాష్ ఉన్నవారికి వెనుక పక్కనుంచి, రెండున్నవారికి ఒకటి వెనుక, ఒకటి ముందు పక్కనుంచి తక్కువ పవర్‌తో: ఇది నా ఎంపిక. సందె వెలుగు నీలంగా ఉంటుంది కాబట్టి ముందు ఫ్లాష్‌కు లేత నారింజ జెల్ (రంగు పారదర్శక పొర) తగిలిస్తే చర్మం రంగు సహజంగా వస్తుంది. గుట్ట మీద గాలికి స్టాండు నిలవదు. స్టాండు కాళ్ల మీద రాళ్లు పేర్చాలి, లేదా ఫ్లాష్‌ను రాతి మీదే పెట్టాలి.

రైడర్ భద్రత గురించి ఇక్కడ ఖచ్చితంగా ఉండాలి. మసకకు అలవాటుపడిన కళ్లలోకి నేరుగా ఫ్లాష్ కొడితే కొన్ని క్షణాలపాటు ముందున్న రాయి కనిపించదు. ఎదురుగా, కళ్ల ఎత్తులో ఫ్లాష్ పెట్టకూడదు. మలుపు ముందర, దూకి దిగే చోట పెట్టకూడదు. ఎక్కడ వెలుగుతుందో ముందే చూపించి, నెమ్మదిగా ఒకసారి దిగమని చెప్పి వెలిగించి చూపాలి, అతను వద్దంటే తీసేయాలి. ముందుగా చెప్పకుండా వెలిగించడం ఎంత మంచి ఫొటో కోసమైనా చేయదగిన పని కాదు.

పెళ్లి వీడియోలకు వాడే ఎల్ఈడీ లైట్లు చాలవా అని కొందరు అడుగుతారు. 100 వాట్ల ఎల్ఈడీ 1/1000 సెకనులో ఖర్చుచేసే శక్తి జౌల్‌లో పదో వంతు మాత్రమే. చిన్న ఫ్లాష్ 1/32 పవర్‌లో కూడా రెండు జౌళ్లు విడుదల చేస్తుంది. విద్యుత్తును వెలుగుగా మార్చడంలో ఎల్ఈడీ మెరుగైనదని లెక్కవేసినా ఫ్లాష్ ఎన్నో రెట్లు ముందుంటుంది. వీడియో తీసేవారికి తప్ప ఎల్ఈడీని సిఫారసు చేయలేను.

ఫోన్‌తో తీసేవారికి ఒక్క మాట: నైట్ మోడ్ అనేక ఫొటోలను ఒకదానిపై ఒకటి పేర్చి ఒకటిగా చేస్తుంది కాబట్టి కదిలే సైకిల్ దానిలో ముద్దయిపోతుంది. దాన్ని ఆపి, ప్రధాన కెమెరాతో, ఆకాశాన్ని వెనుక పెట్టుకొని తీస్తే ఫోన్‌తో కూడా మంచి ఫొటో వస్తుంది.

ఉదయమా, సాయంత్రమా

సాయంత్రం వెలుతురు తగ్గుతూ పోతుంది, ఉదయం పెరుగుతూ వస్తుంది. ఫొటో తీసేవారికి ఇది పెద్ద తేడాగా కనిపించకపోవచ్చు, రైడర్‌కు మాత్రం ఎంతో పెద్దది. సాయంత్రం చివరిసారి దిగేది అన్నిటికంటే చీకట్లో, కాళ్లూ చేతులూ అలసిపోయాక. ఉదయం మొదటిసారి నెమ్మదిగా దిగి బాట చూసుకోవచ్చు, వేగం పెంచేసరికి వెలుతురు కూడా పెరుగుతుంది. రాత్రి మంచుకు దుమ్ము అణిగి ఉంటుంది కనుక చలికాలపు ఉదయాల్లో గాలి తేటగా ఉంటుంది. దుమ్ము మెరవాలనుకునేవారికి మాత్రం సాయంత్రమే సరైనది. జనవరి నడుమ సూర్యోదయం 6.45 దరిదాపుల్లో అవుతుంది కాబట్టి ఆరున్నరకల్లా ఫ్లాష్ బిగించి ఉండాలి, సూర్యుడు వచ్చేసరికి ఫ్లాష్ తీసేసి మొదటి పద్ధతికి రావాలి. జూన్ ఆరంభంలో సాయంత్రం 6.45 దరిదాపుల్లో గాని సూర్యుడు దిగడు. మొదటిసారి ప్రయత్నించేవారికి నేను ఉదయాన్నే సూచిస్తాను.

మధ్యే మార్గంగా మరొకటుంది. గుట్టకు తూర్పు వైపు దిగే బాట మీద సాయంత్రం సూర్యాస్తమయానికి చాలా ముందే నీడ పడుతుంది. ఆ నీడలో వెలుతురు మెత్తగా, నిలకడగా ఉంటుంది, మూడు నిమిషాలకోసారి అంకెలు మార్చుకోనవసరం లేదు. వేళ్లు ఇంకా అలవాటుపడని వారికి ఇది మంచి సాధన.

స్థలం ఎంపికలో రెండు హద్దులు పాటించాలి. నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం ప్రాంతంలో అటవీ శాఖ అనుమతి లేకుండా దిగకూడదు, మసక వేళ అసలే కూడదు. దేవరకొండ, భువనగిరి, కోయిల్‌కొండ వంటి కోటల మెట్ల మీద, గోడల మీద సైకిళ్లు దింపడం ఆ కట్టడాలకు చేటు. వాటిని దూరంగా వెనుక దృశ్యంలో ఉంచుకుంటే చాలు, బొమ్మకు అంతకంటే ఎక్కువ అక్కరలేదు.

డబ్బు దేని మీద పెట్టాలి

కెమెరా, మామూలు లెన్స్ మాత్రమే ఉన్నవారు మొదట కొనవలసినది లెన్స్ కాదు, ఒక మాన్యువల్ ఫ్లాష్, దానికొక ట్రిగ్గర్. ఎఫ్/1.8 లెన్స్ మనకు అదనంగా ఇచ్చేది మూడు స్టాపులు, అంటే పది పన్నెండు నిమిషాలు. ఫ్లాష్ సందె వెలుగు మొత్తాన్ని ఇస్తుంది. రెండోది 50 గాని 85 గాని ఎఫ్/1.8 లెన్స్, ఏపీఎస్-సీ కెమెరా ఉంటే 50 సరిపోతుంది, ధర కూడా తక్కువ. ఎఫ్/2.8, 70-200 జూమ్‌ను పెళ్లిళ్ల పనికి కూడా వాడేవారు కొనుక్కోవచ్చు. మిగతావారు పోటీ ఉన్న రోజుకో, దూరపు గుట్టకు వెళ్లే రోజుకో హైదరాబాద్ నుంచి అద్దెకు తెచ్చుకోవడం సమంజసం. తెచ్చాక, గుట్ట ఎక్కే ముందే ఆ లెన్స్‌లో స్థిరీకరణ ఎన్ని రకాలుగా మారుతుందో, ఆ కెమెరాతో సెకనుకు ఎన్ని ఫొటోలు వస్తాయో ఇంటి ముందు పోయే మోటారు సైకిళ్ల మీద పరీక్షించుకోవాలి, ఎందుకంటే గుట్ట మీద ఆ పని చేయడానికి ఇరవై నిమిషాలు చాలవు.